నూట నలభై నాలుగు అదనపు చిలకలు

మా పక్కింటి సులోచనక్క మా ఆవిడతో అన్నదట, ఆమెతో పిండిగిర్ని దగ్గర ఇంకెవరో అన్నారట: "అండాలు మగ్గం పండుకున్నదంట. జిల్లా ఆఫీసోళ్లు కాయిదం పంపిండ్రంట. మూడు నెలలు పండుకుంటే ఇగ లేవదంట."

మా ఆవిడ ఈ మాట నాకు చెబుతున్నంతసేపూ, రెండిళ్లవతల అండాలు పెద్దమ్మ మగ్గం టకటకా మోగుతూనే ఉంది. ఎంత గట్టిగా మోగుతోందంటే, మగ్గం నిద్రపోయిందన్న మాటను మా ఆవిడ రెండుసార్లు గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది.

మా ఊరి చేనేత సంఘంలో రాతకోతలు చూసేది నేనే. డిగ్రీ చదివిన పాపానికి ఊళ్లోకి ఏ కాగితం వచ్చినా ముందు నా చేతికే వస్తుంది. మధ్యాహ్నానికి అండాలు పెద్దమ్మే ఆ కాగితం కొంగున ముడేసుకుని వచ్చింది. విప్పి చదివాను.

"మీ మగ్గము నెం. 47 నందలి వస్త్రము యొక్క ఛాయాచిత్రము నిర్దేశిత భారమునకు లోబడి లేనందున, సదరు మగ్గమును నిద్రాణ మగ్గముగా పరిగణించడమైనది. మూడు మాసముల లోగా మేల్కొల్పని యెడల గుర్తింపు బిళ్ల తొలగించబడును. ఇట్లు, ఉప సంచాలకులు (చిత్రభారము), నేతకళా వైభవ సంస్థ."

"నేను మగ్గం గుంటల కూసోని నేస్తనే ఉన్న గద లింగం. పండుకున్నదని ఆళ్లకెవలు జెప్పిండ్రు?"

"కంప్యూటరు చెప్పింది పెద్దమ్మా."

"దానికి చెవుల్లేవా?"

బిళ్ల అంటే గుమ్మం మీద నాలుగు మేకులతో కొట్టిన రేకు ముక్క. దాని మీద మగ్గం నంబరు ఉంటుంది. చూడ్డానికి ఏమీ కాదు. కానీ ఆ రేకు లేనివాళ్లకు సంఘం నూలు ఇవ్వకూడదు, రంగు ఇవ్వకూడదు, నేసిన బట్ట మీద ముద్ర వేయకూడదు. వేరే ఎవరి బిళ్ల ఊడినా ఊళ్లో ఒక మగ్గం ఆగుతుంది. అండాలు పెద్దమ్మ బిళ్ల ఊడితే, భుజాన వేసుకునే చిలకల రుమాలు అనేదే ఆగిపోతుంది. ఆ ముడులు కట్టడం ఆమెకు అత్తగారు నేర్పింది. ఇప్పుడు ఆమెకు తప్ప ఎవరికీ రాదు.

మా దగ్గర బొమ్మను బట్ట మీద వేయం. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులో ముంచుతాం. బొమ్మ నూలులోనే దాక్కుని ఉంటుంది, మగ్గం మీదికొచ్చాక బయటపడుతుంది. ముడి ఒక్క పోగు పక్కకు జరిగితే చిలక ముక్కు వంకర పోతుంది. పెద్దమ్మ రుమాలులో వరసకు పన్నెండు చొప్పున పన్నెండు వరసలు, నూట నలభై నాలుగు చిలకలు. నూట నలభై మూడు కుడివైపు చూస్తుంటాయి. ఒక్కటి మాత్రం ఎడమకు తిరిగి ఉంటుంది. దాన్ని అలిగిన చిలక అంటారు. వెనకటికి ఆమె అత్తగారు మామగారితో కొట్లాడి, ఆ కోపంలో ఒక చిలకను వెనక్కి తిప్పి కట్టిందట. సంతలో అన్నిటికంటే ముందు ఆ రుమాలే అమ్ముడుపోయిందట. అప్పటినుంచీ ప్రతి రుమాలులో ఒక చిలక అలగాల్సిందే. అదే వాళ్లింటి సంతకం.

ఇక వైభవ సంస్థ వారి షరతులు. ప్రతి మగ్గం మీదున్న బట్టను నెలకోసారి ఫోటో తీసి వారి వెబ్‌సైటుకు ఎక్కించాలి. ఫోటో వెడల్పు ఎనిమిది వందల చుక్కలకు తగ్గరాదు. బరువు ఇరవై కేబీకి మించరాదు. స్పష్టంగా ఉండాలి.

ఫోటోకు బరువుంటుందని నాకు కాలేజీలో ఎవరూ చెప్పలేదు. మూడు రోజులు సంఘం కంప్యూటరుతో కుస్తీపట్టి తెలుసుకున్నాను. బొమ్మలో పని ఎంత ఎక్కువుంటే ఫోటో అంత బరువు. సున్నం కొట్టిన గోడను ఫోటో తీస్తే కంప్యూటరు "ఇదంతా తెలుపే" అని ఒక్క ముక్కలో రాసుకుని ఊరుకుంటుంది. చిలకల రుమాలైతే ముక్కు దగ్గర ఎరుపు, మెడ దగ్గర నలుపు, రెక్క కింద ఇంకో ఎరుపు అని చుక్క చుక్కకూ రాసుకోవాలి. పనితనం పెరిగితే రాత పెరుగుతుంది, రాత పెరిగితే బరువు పెరుగుతుంది. అందుకే ఆస్పత్రులకు గాజుగుడ్డ నేసే సిద్ధిరాములు ఫోటో మొదటి దెబ్బకే పదిహేడు కేబీలో లోపలికి పోయింది. పెద్దమ్మ రుమాలు మూడువందల పది దగ్గర గుమ్మం బయటే కూర్చుంది.

తగ్గించాను. వందకు తగ్గేసరికి చిలకలకు కళ్లు పోయాయి. అరవైకి ముక్కులు పోయాయి. ముప్పై ఐదు దగ్గర అవి వానలో తడిసిన కోడిపిల్లలయ్యాయి. పందొమ్మిదికి దిగేసరికి కోళ్లూ లేవు, చిలకలూ లేవు, తడి గోనెపట్టా ఒకటి మిగిలింది. అది ఎక్కిస్తే కంప్యూటరు ఇలా అంది: "భారము సరిపోయినది. స్పష్టత సరిపోలేదు."

"బరువు తగ్గిస్తె మొకం కనపడదంటది, మొకం కనపడితె బరువంటది," అంది పెద్దమ్మ. "ఇదేందిరా, మా అత్త లెక్క ఉన్నది!"

ఇద్దరం జిల్లా ఆఫీసుకు పోయాం.

ఉప సంచాలకులు (చిత్రభారము) కోదండపాణి గారు మమ్మల్ని కూర్చోబెట్టి, తమ వెబ్‌సైటు తెరిచి చూపించారు. తెరిచారు కానీ అది తెరుచుకోలేదు. ముందు ఒక పూలదండ పైభాగం వచ్చింది. అటెండరు టీ తెచ్చేసరికి సంస్థ అధ్యక్షుల వారి జుట్టు వచ్చింది. టీ తాగడం అయ్యేసరికి మీసం దాకా వచ్చింది. నవ్వు ఇంకా రావాల్సి ఉంది.

"సర్వరు యొక్క భారవహన సామర్థ్యమును దృష్టియందుంచుకుని," అన్నారు కోదండపాణి గారు, "ప్రతి కిలోబైటును మేము కన్నబిడ్డ వలె పొదుపు చేస్తున్నాము."

"ఈ ఫోటో ఎంత సార్?" అన్నాను.

"పద్నాలుగు ఎంబీ."

మనసులో లెక్క కట్టాను. "అంటే ఏడువందల మగ్గాల బరువు అధ్యక్షుల వారు ఒక్కరే ఉన్నారు."

"వారు మోస్తున్న బాధ్యత కూడా అంతే కదా. అధ్యక్షుల వారిని కుదించడం మర్యాద కాదు."

పెద్దమ్మ బల్ల మీద రుమాలు పరిచింది. ఆయన కళ్లజోడు సవరించుకుని చూశారు. ఒక్క క్షణం ఆయన వేలు అలిగిన చిలక మెడ మీద ఆగింది. వెంటనే హోదా గుర్తొచ్చి తీసేశారు.

"సమస్య ఫోటోలో లేదమ్మా, వస్త్రములో ఉన్నది. ఇన్ని చిలకలు అవసరమా?"

"ఎన్నుండాలె సారూ?"

"ఒకటి చాలు. ఒక చిలకను చూసిన వీక్షకుడు మిగిలిన చిలకలను ఊహించుకొనగలడు."

"మీ ఆఫీసుల లెక్కనా? ఒక్కలు పనిచేస్తుంటె, తక్కినోళ్లు గూడ చేస్తున్నరని మేం అనుకోవాలె."

పక్క బల్ల దగ్గర ఎవరో దగ్గారు. కోదండపాణి గారు నవ్వారో, పళ్లు కొరికారో తెలియలేదు. చివరికి, తన విచక్షణాధికారమును వినియోగించి, ఈ ఒక్క మగ్గానికి స్పష్టత షరతును సడలిస్తున్నానన్నారు. మా గోనెపట్టా ఫోటో లోపలికి పోయింది. తెర మీద పచ్చ అక్షరాలు వచ్చాయి: "మగ్గము నెం. 47 మేల్కొన్నది."

తిరుగు బస్సులో పెద్దమ్మ అంది: "లేపిండ్రు సరే. మొకం కడగకుండనే లేపిండ్రు."

సంబరం తొమ్మిది రోజులు నిలిచింది. పదోరోజు తనిఖీదారు పురుషోత్తం వచ్చాడు. స్పష్టత సడలించిన ప్రతి మగ్గానికీ "క్షేత్రస్థాయి సరిపోలిక" జరగాలట. అతని చేతిలో మా ఫోటో కాగితం మీద అచ్చేసి ఉంది. దాన్ని మగ్గం పక్కన పట్టుకుని, కాగితం ఒకసారి, బట్ట ఒకసారి చూశాడు. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మగ్గం మీద సగమే బయటపడింది కాబట్టి, పూర్తయిన రుమాలు ఒకటి అడిగి తీసుకుని మరీ లెక్కపెట్టాడు. మధ్యలో రెండుసార్లు తప్పి మళ్లీ మొదలుపెట్టాడు. ఆ తర్వాత రాసుకున్నది నాకు చదివి వినిపించి, కింద నా సాక్షి సంతకం కూడా తీసుకున్నాడు.

"ఛాయాచిత్రమందు చిలకలు: లేవు. వస్త్రమందు చిలకలు: నూట నలభై నాలుగు. అదనపు చిలకలు: నూట నలభై నాలుగు. అందు దిశను పాటించనివి: ఒకటి."

"అదనం ఏంది సారూ, అయే చిలకలు!" అంది పెద్దమ్మ. "ఫోటోల చచ్చిపోయినయి గని బట్టల బతికే ఉన్నయి. జర కండ్లతోని సూడుండ్రి."

"కళ్లతో చూసే అధికారం నాకు లేదమ్మా. ఫోటోతోనే చూడాలి. రికార్డులో ఉన్నది ఫోటో. వస్త్రము రికార్డును అనుసరించవలెను."

"అంటే?"

"ఫోటోలో ఎట్లా ఉందో అట్లా నేయండి."

పెద్దమ్మ ఆ కాగితాన్ని వెలుగులో పెట్టి చూసింది. "బురద నేయాల్నా?"

"బురద అని ఎందుకనాలి? గోధుమవర్ణ ప్రవాహ శైలి అని పేరు పెట్టుకోవచ్చు. ఇంకో ఊళ్లో ఇద్దరు నేస్తున్నారు కూడా. వాళ్లకు సరిపోలిక నూటికి నూరు వచ్చింది."

పెద్దమ్మ కాగితం తిరిగిచ్చేసింది. "నేను నేయ. మా అత్త పైనుంచి సూస్తది."

పురుషోత్తం కటింగ్ ప్లేయరు తీసి గుమ్మం మీది బిళ్ల ఊడబెరికాడు. మూడు మేకులు తేలిగ్గానే వచ్చాయి. నాలుగోది రాలేదు. ఎంత లాగినా రాలేదు. "అమ్మా, సుత్తె ఏమన్నా ఉంటుందా?" అని ఆమెనే అడిగాడు. ఆమె లోపలికి పోయి తెచ్చి ఇచ్చింది. "పైలం సారూ, వేలు మీద పడ్తది," అని కూడా అంది. బిళ్ల ఊడిన చోట గుమ్మానికి చదరంగా పాత రంగు బయటపడింది.

ఆనాటినుంచి నేను ఆమెకు నూలు ఇవ్వకూడదు. మగ్గం మీదున్న పడుగు నూలుతో ఇంకో మూడు రుమాళ్లు వస్తాయని ఆమె లెక్క. ఆ మూడూ నేసుకుంటూ కూర్చుంది.

అదే నెలలో "తేలిక నేత మహోద్యమము" ఊళ్లోకి దిగింది. పట్నం నుంచి తెల్లబూట్లు వేసుకున్న నిపుణుడు ఒకాయన వచ్చాడు. సంఘం హాల్లో మమ్మల్ని కూర్చోబెట్టి తెర మీద బొమ్మలు చూపించాడు. ముందు ఏనుగులు, గడియారాలు, దీపాలు ఉన్న మా చీర చూపించి, నుదురు కొట్టుకున్నాడు. తర్వాత ఏమీ లేని ఒక బట్ట చూపించి, చేతులు జోడించాడు. "గమనించండి. కన్ను ఎక్కడా తట్టుకోదు. సర్వరూ ఎక్కడా తట్టుకోదు. శూన్యమే సౌందర్యం."

దాని వెంట ఉత్తర్వు. వస్త్రమునకు రెండు రంగులు మించరాదు. ఒక ఆకారము మించరాదు. ఆకారము గుండ్రముగా ఉన్నచో ముందస్తు అనుమతి అవసరము. వస్త్రము యొక్క విలువ ఇకమీదట పోగుల లెక్కన గాక, ఛాయాచిత్రపు కేబీల లెక్కన, అవి తగ్గినకొద్దీ హెచ్చుగా నిర్ణయించబడును.

జనానికి బిళ్ల భయం. ఏనుగు దంతాన్ని ఒక్క పోగు తేడా లేకుండా కట్టగలిగినవాళ్లు ముడులు కట్టే చట్రాలను అటక మీదికెక్కించి, తెల్లబట్ట నేయడానికి కూర్చున్నారు. ఏ ఇంటి ముందు చూసినా తెల్లగా ఆరేసి ఉన్నాయి. ఊరు ఊరంతా ఆస్పత్రే, వాసన ఒక్కటే తక్కువ. గాజుగుడ్డ సిద్ధిరాములును ఉద్యమానికి ముఖ్య శిక్షకుడిని చేశారు. మెడలో గుర్తింపు కార్డు వేసి, చేతికి సంచి ఇచ్చారు. అతను సిగ్గుపడుతూ నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, గాజుగుడ్డ నేస్తడని నాకు పిల్లనియ్యలేరు ఎవలు. ఇయ్యాల బాలయ్య మామకు నేను నేత నేర్పియ్యాల్నంట. ఆయన నాకు గుంటల దిగుడు నేర్పిండు."

"ఏం నేర్పిస్తవురా?"

"ఏమున్నదన్నా? ముడులు కట్టకుమని చెప్పుడే."

ఏడాది చివర ఉత్తమ మగ్గం పురస్కారాలు ప్రకటించారు. రాష్ట్రంలోకెల్లా తేలికైన ఫోటో ఎవరిదో వారిదే మొదటి బహుమతి. అది మా ఊరికే వచ్చింది. మగ్గం నెం. 12, ఐలేశు. బరువు ఏడు కేబీలు.

ఊరంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఐలేశు తొమ్మిదేళ్లుగా ఆటో నడుపుతున్నాడు. వాళ్లింట్లో మగ్గం గుంటను మన్నుతో పూడ్చి, పైన కోళ్లగూడు పెట్టుకున్నారు. నెలనెలా ఫోటో పంపకపోతే బిళ్ల పీకుతారని, వాళ్లావిడ గోడకు సున్నం కొట్టిన రోజు ఆ గోడనే ఫోటో తీసి ఎక్కించిందట.

ఐలేశు మంచివాడు. నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకు పోయి చెప్పాడు: "సారూ, నేను నేస్తలేను. అది గోడ."

కోదండపాణి గారి కళ్లు చెమర్చాయి. "చూశారా? ఇంతటి సాధన చేసి కూడా 'నేను నేయడం లేదు' అంటున్నాడు. నిజమైన కళాకారుడికే ఇంత వినయం ఉంటుంది."

"వినయం కాదు సారూ. ఆటో బయటనే ఉన్నది, సూడుండ్రి."

"ఈ మాట వేదిక మీద కూడా చెప్పు నాయనా. జనం చప్పట్లు కొడతారు."

సభ మా మండల కేంద్రంలోని ఫంక్షన్ హాల్లో పెట్టారు. అధ్యక్షుల వారు స్వయంగా విచ్చేశారు. వారి నవ్వును నేను పూర్తిగా చూడటం అదే మొదటిసారి. వెబ్‌సైటులో ఎన్నడూ అంతదాకా రాలేదు. వేదిక వెనక పెద్ద తెల్లగుడ్డ కట్టారు. దాని మీద ఏమీ లేదు. అదే ఆ ఏటి ఉత్తమ రూపకల్పన అని మైకులో చెప్పారు. ఐలేశుకు శాలువా కప్పారు. తను నేయడం లేదన్న మాట అతను మైకులోనూ చెప్పాడు. జనం నిజంగానే చప్పట్లు కొట్టారు.

అండాలు పెద్దమ్మ మూడో వరసలో కూర్చుంది. పిలుపు లేకపోయినా వచ్చింది. మూడు రుమాళ్లలో ఆఖరిది ముందురోజే మగ్గం మీంచి కోసింది. దాన్నే భుజాన వేసుకుని వచ్చింది. ఆ తెల్ల హాల్లో, తెల్ల బట్టల నడుమ, నూట నలభై నాలుగు చిలకలు ఎర్రగా మెరుస్తున్నాయి.

తర్వాత అధ్యక్షుల వారికి సన్మానం. కోదండపాణి గారు శాలువా కప్పారు. అది నున్నగా భుజం మీంచి జారిపోయింది. మళ్లీ కప్పారు, మళ్లీ జారింది. అధ్యక్షుల వారు దాన్ని రెండు వేళ్లతో నలిపి చూసి, "ఇది మగ్గం మీదిదేనా?" అన్నారు. కోదండపాణి గారు అటు ఇటు చూశారు. ఉద్యమం మొదలయ్యాక కప్పదగ్గ బట్ట ఎక్కడా దొరక్క, దాన్ని పట్నంలోని మిల్లుబట్టల దుకాణం నుంచి తెప్పించారు. ఆ సంగతి నాకు ఆటోలో దాన్ని తెచ్చిన ఐలేశే చెప్పాడు.

అంతలో అధ్యక్షుల వారి చూపు మూడో వరసలో ఆగింది.

"ఏయ్, అదేమిటది? ఆ అమ్మ భుజం మీదిది?" ఆయన వేదిక దిగి వచ్చేశారు. ఆయన వెనక కోదండపాణి గారు, ఆయన వెనక మైకు పట్టుకున్న పురుషోత్తం. అధ్యక్షుల వారు రుమాలు అంచు పట్టుకుని చిలకలను ఒక్కొక్కటే చూసుకుంటూ పోయారు. ఏడో వరసలో ఆగారు. "ఇదుగో, అలిగింది! మా నాయన భుజం మీద ఉండేది ఇట్లాంటిది. చిన్నప్పుడు ఈ చిలకను వెతుక్కుంటూ నిద్రపోయేవాణ్ని." ఆయన కోదండపాణి గారి వైపు తిరిగారు. "వచ్చే నెల ఢిల్లీలో మీటింగు ఉంది. ఇలాంటిది కప్పుకుపోతే మన నేత అంటే ఏమిటో వాళ్లకు తెలుస్తుంది. ఒకటి నేయించండి."

"అవశ్యం సర్! తక్షణం సర్!" కోదండపాణి గారు మైకు అందుకుని పెద్దమ్మ వైపు వంగారు. "అమ్మా, అధ్యక్షుల వారి కోరిక మీద మగ్గము నెం. 47 బిళ్లను ప్రత్యేక ప్రాతిపదికన ఈ ఒక్క రుమాలు నిమిత్తం తిరిగి బిగించెదము. నూలు మంజూరు చేసెదము. మొత్తం చిలకలతో నేయవచ్చును. నెల రోజుల్లో ఇవ్వగలరా?"

"రుమాలు అయినంక?"

"తదుపరి యథాప్రకారము నిబంధనలు వర్తించును."

మైకు ఆమె నోటి ముందుకు జరిపారు. హాలంతా అటే చూస్తోంది. పెద్దమ్మ అధ్యక్షుల వారి చేతిలోంచి తన రుమాలు అంచు మెల్లగా లాక్కుంది. మడత పెట్టి చంకలో పెట్టుకుంది. తర్వాత మాట్లాడింది. మైకు ఆమె మాటను గేటు దాకా వినిపించింది.

"మళ్ల నేసుడెందుకు సారూ? నా రుమాలును పందొమ్మిది కేబీలకు దిగ్గొట్టిచ్చి మీ కాడనే పెట్టుకున్నరు గద. గదే కప్పుకొని పొమ్మనుండ్రి."